అక్కయ్యతో మాటామంతీ: ముందు బాకీ, తర్వాత వాక్యం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే గొడవ. బరంపురం నుంచి కోరాపుట్ దాకా అందరికీ యేసు ప్రభువు గురించి పక్కవాళ్ళకి చెప్పాలనే ఆశ ఉంది, చెప్పే తీరు దగ్గరే ఎక్కడో తేడా కొడుతోంది. ఒకాయన అసలు క్రైస్తవుడే కాదు, వినీ వినీ విసిగిపోయి రాశాడు. ఆయనతోనే మొదలుపెడతాను, మనం బయటికి ఎలా కనిపిస్తున్నామో ముందు తెలియాలి కదా.

అక్కయ్య గారూ, నమస్కారం. నేను హిందువుని. జయపురంలో కిరాణా కొట్టు. మీ పత్రిక పక్కింటివాళ్ళు చదివి మా ఆవిడకి ఇస్తారు. మా వీధిలో ఒక సోదరుడు ఇంటింటికీ తిరిగి బైబిల్ వాక్యం చెప్తాడు. మంచివాడే, కోపం ఎరగడు. కాకపోతే దసరా నుంచి నా ఖాతాలో నాలుగు వేల పైచిలుకు బాకీ. అడిగితే రేపంటాడు. మొన్న కందిపప్పు, ఆయిల్ ప్యాకెట్టు ఖాతాలో రాయించుకుని వెళ్తూ వెళ్తూ "అన్నా, ప్రభువుని నమ్ముకో, నీ అప్పులన్నీ ఆయనే తీరుస్తాడు" అన్నాడు. నాకు అప్పుల్లేవు, ఆయనకే ఉన్నాయి. ఆయన్ని ఏమనాలి?
— ఒక వ్యాపారి, జయపురం

అన్నగారూ, చదవగానే నవ్వేశాను, ఆ తర్వాత సిగ్గేసింది. ఆయన్ని ఏమనాలంటే, ఏ కొట్టువాడైనా ఏ ఖాతాదారుడినైనా అడిగే మాటే అడగండి: "తమ్ముడూ, బాకీ ఎప్పుడిస్తావు?" అంతే. దేవుణ్ణి మధ్యలోకి ఆయన తెచ్చినా మీరు తేవద్దు. ఒకేసారి కట్టలేనంటే నెలకి ఐదొందలో వెయ్యో అని రాసుకోండి, కొత్త సరుకు మాత్రం నగదుకే ఇవ్వండి. "క్రైస్తవులంతా ఇంతే" అని మాత్రం అనకండి, మీ ఖాతా పుస్తకంలో బాకీపడ్డవాళ్ళు అన్ని మతాలవాళ్ళూ ఉంటారని నాకు తెలుసు.

ఇక ఆ సోదరుడికి నా మాట, ఈ పేజీ ఆయనకి చూపించినా నాకేం అభ్యంతరం లేదు. తమ్ముడూ, ఊరూరా తిరిగి యేసు గురించి చెప్పిన పౌలు, థెస్సలొనీక పట్టణంలో సువార్త చెప్పిన రోజుల్లో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్ళు కష్టపడి పనిచేశానని తనే రాసుకున్నాడు. ఆయన చేతిపని డేరాలు కుట్టడం. పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి నీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పి ఉంటావో. యేసు ఇంటికొచ్చాక అతను లేచి నిలబడి అన్న మొదటి మాట డబ్బు గురించి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకి నాలుగింతలు తిరిగిస్తానని. నీ దగ్గర నాలుగింతలు ఎవరూ అడగట్లేదు, రాసుకున్నది కడితే చాలు. నువ్వు గడప దిగాక ఆయన పుస్తకం తెరుస్తాడు, నీ పేరు కింద కందిపప్పు, ఆయిల్ అని రాసుంటుంది. నువ్వు చెప్పిన వాక్యం ఆయనకి గుర్తుండకపోవచ్చు గానీ ఆ పేజీ మాత్రం గుర్తుంటుంది. బాకీ తీరేదాకా ఆ కొట్టు దగ్గర వాక్యం ఎత్తకు. సరుకు కొనుక్కో, డబ్బిచ్చి రా.

అక్కా, ఇంట్లో ఐదు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి లెక్కలు, ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కలిసే వస్తారు. చివర్లో అందరినీ కళ్ళు మూసుకోమని చిన్న ప్రార్థన చేస్తాను, రెండు సండే స్కూల్ పాటలు కూడా నేర్పాను. ఒక పాప ఇంట్లో అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేసిందట, వాళ్ళ నాన్న వచ్చి వీధిలో నిలబడి గట్టిగా మాట్లాడి వెళ్ళాడు. చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండని ప్రభువే అన్నాడు కదా. భయపడి మానేయాలా?
— ఒక టీచర్, బరంపురం

మానెయ్యాలమ్మా. ఆయన కేకలేశాడని కాదు, ఆయన అడగాల్సిందే అడిగాడని. ఆయన ఫీజు కట్టింది లెక్కలకి, ఇంగ్లీషుకి. నువ్వు ఆయనకి చెప్పకుండా ఇంకొకటి కలిపి పంపావు. ఏడో తరగతి పిల్ల టీచర్ ముందు కళ్ళు మూసుకోనని అనగలదా? నీ చేతిలో స్కేలు లేకపోయినా నువ్వు టీచర్‌వే. ఆ పిల్ల నీ మాట కాదనలేదు కాబట్టి ఆమె ఒప్పుకుందని అనుకోవడానికి కూడా వీల్లేదు.

నువ్వు చెప్పిన వాక్యమే మళ్ళీ చదువు. ఆ పిల్లల్ని యేసు దగ్గరికి పెద్దవాళ్ళే తీసుకొచ్చారు. అడ్డం పడింది శిష్యులు. ఇంట్లో పెద్దల కళ్ళుగప్పి పిల్లల్ని పిలుచుకున్నట్టు అక్కడెక్కడా లేదు.

చట్టం సంగతి కూడా చెప్తాను, బెదిరించడానికి కాదు, తెలియక ఇరుక్కుంటారని. రాజ్యాంగం 25వ అధికరణం మన నమ్మకాన్ని ఆచరించే హక్కు, ప్రచారం చేసుకునే హక్కు రెండూ ఇచ్చింది. ఆ పక్కనే 28వ అధికరణంలో, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న విద్యాసంస్థలో మైనర్ పిల్లల్ని మత బోధనలోకి, ఆరాధనలోకి దింపాలంటే సంరక్షకుల అనుమతి ఉండాలని ఉంది. నీ వరండా ట్యూషన్ ఆ లెక్కలోకి రాకపోవచ్చు, కానీ న్యాయం అదే కదా. మన ఒడిశాలో 1967లో చేసిన మత స్వేచ్ఛా చట్టం బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడాన్ని నేరం చేసింది. మామూలుగా ఏడాది దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీల విషయంలో అయితే రెండేళ్ళ జైలు, 10,000 జరిమానా దాకా. ట్యూషన్‌లో ఒక ప్రార్థన చేస్తే అది మత మార్పిడి అయిపోదు. కానీ తల్లిదండ్రులకి తెలియకుండా జరిగిందనేసరికి వినేవాడికి మిగతా కథంతా వాడే అల్లుకుంటాడు.

రేపు సాయంత్రం ఆ పాప ఇంటికి వెళ్ళు. నాన్న, అమ్మ ఇద్దరూ ఉన్నప్పుడు వెళ్ళు. "మిమ్మల్ని అడక్కుండా చేశాను, తప్పే, ఇకపై ఉండదు" అని చెప్పు, వాదన పెట్టుకోకు. మిగతా పిల్లల ఇళ్ళకి కూడా నువ్వే కబురు చెయ్యి, వాళ్ళు ఇంకొకరి నోట వినకముందే. నువ్వు మాత్రం పిల్లలు రాకముందు వాళ్ళందరి పేర్లూ పెట్టి ప్రార్థన చేసుకో, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అక్కయ్యా, నాకు ముప్పై రెండేళ్ళు, పర్లాకిమిడిలో సెల్ ఫోన్ రిపేరు షాపు. పోయిన ఏడాది టీబీ వచ్చింది. గవర్నమెంటు ఆసుపత్రిలో ఆరు నెలలు మందులు వాడాను, మొదట్లో మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను, మాత్రల వల్లే అని సిస్టర్ చెప్పాక కుదుటపడ్డాను. ఆ ఆరు నెలలూ మా సంఘం నాకోసం ఉపవాసాలుండి ప్రార్థించింది. ఇప్పుడు పూర్తిగా తగ్గింది. వచ్చే నెల సువార్త కూటాల్లో సాక్ష్యం, అంటే నాకు జరిగింది, నలుగురికీ చెప్పమన్నారు. మాత్రల సంగతి ఎత్తొద్దు, దేవుడి మహిమ తగ్గుతుంది, ప్రార్థనతోనే స్వస్థత అని చెప్పు చాలు అంటున్నారు పాస్టర్ గారు. ఆయన నాకు తండ్రిలాంటివాడు. ప్రార్థన వల్ల తగ్గిందన్నది అబద్ధం కాదు కదా అక్కా, నేను నిజంగానే నమ్ముతున్నాను.
— పేరు వద్దు, పర్లాకిమిడి

తమ్ముడూ, ముందు నువ్వు కోలుకున్నందుకు సంతోషం. నీ నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఆ మైకు ముందు ఎవరు కూర్చుంటారో ఒకసారి ఊహించుకో. మూడో వరసలో ఒకామె ఉంటుంది, ఆమె భర్తకి రెండు నెలల నుంచి టీబీ మాత్రలు నడుస్తుంటాయి. కడుపులో తిప్పుతోందని, ఆకలి లేదని రోజూ విసుక్కుంటుంటాడు. నీ సాక్ష్యం విని ఆమె ఇంటికెళ్ళి "మాత్రలు ఆపెయ్, ప్రార్థన చేయిద్దాం" అంటే? టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత మామూలు మందులకి లొంగదు. పైగా అది ఒక్కడితో పోయే జబ్బా, దగ్గితే ఇంట్లో పిల్లలకి అంటుకుంటుంది. నువ్వు చెప్పకుండా వదిలేసిన ఒక్క ముక్క వల్ల ఒక ఇల్లు కూలొచ్చు. అప్పుడు "నేను అబద్ధం చెప్పలేదు కదా" అంటే ఏం లాభం?

మహిమ తగ్గుతుందన్న మాటకి జవాబు బైబిల్లోనే ఉంది. హిజ్కియా రాజు చావు దగ్గరికొచ్చాడు, గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఇంకా పదిహేనేళ్ళు ఆయుష్షు ఇస్తానన్నాడు. అంతా అయ్యాక ప్రవక్త యెషయా ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. రాసినవాళ్ళు ఆ ముద్ద సంగతి దాచలేదు, రాజుల గ్రంథంలోనూ ఉంది, యెషయా గ్రంథంలోనూ ఉంది. మహిమ తగ్గుతుందని వాళ్ళకి అనిపించలేదు మరి.

అంత దూరం ఎందుకు, మన రాయగడ జిల్లాలో బిస్సంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్ ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ లిస్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టారు. ఆమె కూడా ప్రార్థన చేసే మనిషే. కొండల్లోంచి జ్వరంతో వచ్చినవాడికి మందు ఇవ్వడం విశ్వాసానికి తక్కువని ఆమె అనుకుని ఉంటే ఆ ఆసుపత్రే ఉండేది కాదు.

ఇంకో చిన్న సంగతి. టీబీ మందు వాడేవాళ్ళకి ప్రభుత్వం పోషణ కోసం నెలకి 500 రూపాయలు ఖాతాలో వేసేది, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. నీ ఖాతాలోనూ పడే ఉంటుంది. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కు తిని, మాత్ర మీద మాత్ర వేసుకుని, స్టేజీ ఎక్కి మందుల ఊసే ఎత్తకపోతే నీకు మాత్రలిచ్చిన ఆ సిస్టర్ కూటంలో కూర్చుని ఉంటే ఏమనుకుంటుంది? ఆమె కూడా రావచ్చు, పర్లాకిమిడి ఏమంత పెద్ద ఊరు కాదు.

కాబట్టి ఇలా చెప్పు: "నాకు టీబీ వచ్చింది. భయపడ్డాను. సంఘం నాకోసం ప్రార్థించింది. ఆసుపత్రిలో ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా మాత్రలు వేసుకున్నాను. దేవుడు నన్ను బతికించాడని నమ్ముతున్నాను. ఇక్కడ ఎవరైనా మందులు వాడుతుంటే ఆపకండి." చివరి వాక్యం మాత్రం తప్పకుండా చెప్పు. పాస్టర్ గారికి ముందే ఇంటికెళ్ళి చెప్పు, స్టేజీ మీద ఆయన్ని ఇరుకున పెట్టకు. అలా అయితే వద్దు అంటే మర్యాదగా మైకు వదులుకో. సాక్ష్యం చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు, కోత కోసి చెప్తేనే నష్టం.

అక్కా, నేను కోరాపుట్‌లో ఒక సేవా సంస్థ ఆఫీసులో పనిచేస్తాను, టైపింగు, ఇంగ్లీషులో రిపోర్టులు రాయడం. డిసెంబరులో కొండమీద ఒక ఊళ్ళో 80 దుప్పట్లు పంచాం. మా సార్ తెలుగులో వాక్యం చెప్పారు. అక్కడివాళ్ళు దేశియా ఒడియా మాట్లాడతారు, తెలుగు అర్థమైంది పది మందికే. రిపోర్టులో "80 మంది ప్రభువును అంగీకరించారు" అని రాయమన్నారు, దుప్పటి పట్టుకున్న ఒక ముసలమ్మ ఫోటో పెట్టి కింద ఆమె సాక్ష్యం కూడా అల్లమన్నారు. ఆ అమ్మ నాతో అన్నది ఒక్కటే మాట, మనవడికి ఇంకొకటి ఇస్తావా అని. జీతంతోనే ఇల్లు నడుస్తోంది. ఏం చేయాలి?
— ఒక చెల్లి, కోరాపుట్

అల్లొద్దు చెల్లీ. దీనికి రెండో ఆలోచన లేదు.

మీ సార్‌కి ఒక సంగతి తట్టి ఉండదు, చెప్పు. 1967 చట్టంలో ప్రలోభం అంటే డబ్బు రూపంలో గానీ వస్తువు రూపంలో గానీ ఇచ్చే బహుమతి, ఇంకే రకం లాభమైనా అని రాసి ఉంది. ఈ నిర్వచనం మరీ వదులుగా ఉందని ఒరిస్సా హైకోర్టు 1972లో తప్పుపట్టింది కూడా, కానీ 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. నిజానికి మీరు చేసింది ఏమిటి? చలికి వణికేవాళ్ళకి దుప్పటి ఇచ్చారు, అందులో ఏ నేరమూ లేదు. కానీ రిపోర్టులో 80 దుప్పట్లు, 80 మంది అంగీకరించారు అని పక్కపక్కన రాస్తే, అది చదివిన ఎవడికైనా దుప్పటి ఇచ్చి మతం మార్చినట్టే కదా కనిపించేది! జరగని నేరాన్ని మీరే మీ లెటర్‌హెడ్ మీద ఒప్పుకుని సంతకం పెట్టి పంపినట్టు. రేపు ఆ కాగితం ఎవరి చేతిలోనో పడితే దెబ్బ తగిలేది మీ ఒక్క ఆఫీసుకే కాదు, ఆ ఊళ్ళో నిజంగా నమ్మిన నాలుగిళ్ళవాళ్ళకి కూడా.

కుష్ఠు నయం చేయమని ప్రవక్త ఎలీషా దగ్గరికొచ్చిన సేనాపతి నయమాను కథ గుర్తుందా? కుష్ఠు పోయాక ఎలీషాకి బహుమానం ఇవ్వబోతే ఆయన ససేమిరా అన్నాడు. వెనకాలే ఉన్న ఎలీషా పనివాడు గెహాజీకి మనసాగలేదు, రథం వెంట పరిగెత్తి, ఎఫ్రాయిము కొండల నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారని ఒక కథ కట్టి వెండి, బట్టలు పట్టుకొచ్చాడు. కుర్రాళ్ళ పేరు చెప్పి దండుకోవడం అప్పటినుంచీ ఉన్నదే! వాళ్ళు అసలు లేరు, మీ రిపోర్టులో ముసలమ్మ ఉంది, ఆమె సాక్ష్యం లేదు. నాకైతే డబ్బు పంపేవాళ్ళ మీద కూడా కోపమే, ఎంతమంది మారారో అంకె చెప్తే గానీ చెక్కు కదలదంటే ఇక్కడివాళ్ళు అంకెలు వండకుండా ఏం చేస్తారు?

నువ్వు ఉద్యోగం మానేసి రోడ్డున పడమని నేను చెప్పను. నిజం ఉన్న రిపోర్టు ఒకటి నువ్వే శుభ్రంగా టైపు చేసి సార్ టేబుల్ మీద పెట్టు: ఫలానా ఊళ్ళో 80 దుప్పట్లు ఇచ్చాం, చలి బాగా ఉంది, పిల్లలకి సరిపోలేదు, వాక్యం తెలుగులో చెప్పాం గానీ చాలామందికి అర్థం కాలేదు, ఈసారి దేశియా వచ్చినవాళ్ళు కావాలి. దాత అన్నవాడికి కొంచెం బుద్ధి ఉంటే ఇదే నమ్ముతాడు, ఇంకా నలభై దుప్పట్లు పంపుతాడు. ముసలమ్మ ఫోటో ఆమెని అడిగి తీసిందైతేనే పెట్టండి, ఆమె అన్న మాటే రాయండి, మనవడికి ఇంకొకటి కావాలన్న మాట. అంతకంటే మంచి రిపోర్టు నువ్వు అల్లినా రాదు. సార్ ఒప్పుకోకపోతే "నా చేత్తో రాయలేను సార్" అని నెమ్మదిగా చెప్పి, ఇంకో పని వెతుక్కోవడం ఇవాళే మొదలుపెట్టు. ఇంకో మాట, వచ్చే చలికాలం దుప్పట్ల రోజు దుప్పట్లే పంచండి, వాక్యం ఇంకో రోజు పెట్టుకోండి. వినాలనుకున్నవాడు దుప్పటి లేకపోయినా వస్తాడు.

వదినా, మాది రాయగడ. పక్కింటి పిన్ని మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళినప్పుడల్లా ప్రసాదం తెచ్చిస్తుంది. మా అత్తగారు నవ్వుతూ తీసుకుని, పిన్ని వెళ్ళగానే పెరట్లో కాలవలో పడేయమంటుంది. మొన్న వాళ్ళ చిన్నది కొబ్బరి ముక్క కాలవలో చూసి "అమ్మా, మనదే" అంది. పిన్ని మా ఇంటికి రావడం మానేసింది. అసలు తీసుకోవచ్చా, కూడదా?
— కొత్తకోడలు, రాయగడ

తీసుకోవచ్చా కూడదా అన్నది సంఘాన్నిబట్టి, మనస్సాక్షినిబట్టి ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి ఉత్తరం పదో అధ్యాయంలో, భోజనానికి పిలిస్తే వెళ్ళి పెట్టింది తినండి, ఇది విగ్రహానికి అర్పించింది అని ఎవరైనా చెప్తే తినకండి అన్నాడు. నేను తీసుకోను. కానీ మీ ఇంట్లో జరిగిన దాంట్లో ప్రసాదం చిన్న సంగతి, కాలవ పెద్ద సంగతి. నవ్వుతూ చేయి చాపి, వెనక్కి తిరిగి పారేయడం పిన్నిని మోసం చేయడమే. ఆమె భక్తిగా, ప్రేమగా తెచ్చింది. వద్దని మొదటి రోజే గుమ్మంలో చెప్పి ఉంటే ఒక పూట నొచ్చుకునేది, ఇలా గడప తొక్కడం మానేసేది కాదు.

అత్తగారిని పంపకు, నువ్వే వెళ్ళు. "పిన్నీ, మేం ప్రసాదం తినం, ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడి తప్పు పని చేశాం, క్షమించు. నువ్వు మామూలుగా వండిన కూర ఏదైనా తెస్తే మాత్రం గిన్నె ఖాళీ చేసి ఇస్తాం" అను. ఆమె నాలుగు మాటలంటే పడు. ఎందుకు తినరని ఆమే అడిగితే అప్పుడు చెప్పు మీ నమ్మకం గురించి, పేతురు చెప్పినట్టు అడిగినవాళ్ళకి సాత్వికంగా. అడక్కపోతే ఆ రోజుకి క్షమాపణతో సరిపెట్టు. క్రిస్మస్ కేకు పంపేటప్పుడు కూడా ఆమెకి కావాలో వద్దో ముందు అడగాలి మరి!

అక్కా, మాది గుణుపురం దగ్గర. నేను బాప్తిస్మం తీసుకుని మూడేళ్ళయింది. కాగితాల్లో హిందూ, ఎస్సీ. ఆ సర్టిఫికెట్ మీదే చదివాను, ఇప్పుడు ఉద్యోగానికి అప్లై చేయాలి. ఆదివారాలు ఊళ్ళల్లో వాక్యం చెప్తాను. మొన్న ఒకడు నలుగురిలో నిలదీశాడు, "నువ్వు కాగితం మీద ఒకటి, నోటితో ఒకటి, నీ దేవుడి మాట మేమెందుకు వినాలి?" అని. మా సంఘ పెద్ద దేవుడు హృదయాన్నే చూస్తాడు, కాగితాన్ని కాదంటాడు. నాకు నిద్రపట్టడం లేదు.
— ఒక తమ్ముడు

ఈ ఉత్తరం చాలా రోజులు పక్కన పెట్టుకున్నాను, తేలిగ్గా జవాబు చెప్పేది కాదు గనుక. మీ సంఘ పెద్దకి పోయేదేమీ లేదు కాబట్టి ఆయనకి తేలిక. నిన్ను నిలదీసినవాడికీ తేలికే.

చట్టం ఇలా ఉంది. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైతే ఆ హోదా ఉండదు. ఎస్టీలకి ఈ నిబంధన లేదు, మతం ఏదైనా వాళ్ళు ఎస్టీలే. అందుకే మీ పక్క ఊళ్ళో సవర కుర్రాడికి ఈ టెన్షన్ లేదు, నీకుంది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో సుప్రీంకోర్టు, చర్చికి వెళ్తూ క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది.

ఇది న్యాయమా అని అడిగితే, నాకైతే కాదు. చర్చి గుమ్మం దాటితే కులం పోతుందా? ఊళ్ళో బావి దగ్గర పోయిందా? రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాకి మతంతో ముడి తీసేయమంది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌తో ఇంకో కమిషన్ వేశారు. ఉత్తర్వు మారాలని అడగడం, పోరాడటం నీ హక్కు, అది నిజాయితీగా బయట నిలబడి చేసే పని. అప్లికేషన్ మీద నేను హిందువునని సంతకం పెట్టి, ఆదివారం ఇంకో ఊళ్ళో మీ మాట అవునంటే అవునని ఉండాలి అని చెప్పడం మాత్రం కుదరదు తమ్ముడూ. నీకు నిద్రపట్టకపోవడమే దానికి సాక్ష్యం.

ఈ అప్లికేషన్‌లో ఆ కోటా టిక్కు పెట్టకు. పాత చదువు సంగతి, బాప్తిస్మం ముందు తీసుకున్నది, తర్వాత తీసుకున్నది, వేరువేరుగా ఒక మంచి లాయర్‌కి చూపించు, ఆదాయం మీద వచ్చే కోటా నీకు వర్తిస్తుందేమో కూడా అక్కడే అడుగు. ఈ పేజీ చూసి ఏ కాగితమూ చింపేయకు. అది తేలేదాకా ఊళ్ళల్లో వాక్యం చెప్పడం కొన్నాళ్ళు ఆపు, ఆరాధనకి మాత్రం వెళ్ళు. ఆ నిలదీసినవాడి దగ్గరికెళ్ళి, "నువ్వడిగింది సరైన ప్రశ్నే, సరిచేసుకుంటున్నాను" అను.

మీ సంఘ పెద్దకి ఒక మాట: నిజం చెప్పు నాయనా అని బోధించే సంఘం, ఆ నిజం వల్ల కుర్రాడికి పోయే కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు భరించడానికి కూడా ముందుకు రావాలి. మూడేళ్ళ క్రితమే బాప్తిస్మం తీసుకున్న తమ సభ్యుడికి చేసే సాయం ఇది, దీన్ని ఎవరూ ఎర అనలేరు. కానుక పెట్టెలో డబ్బు కొత్త మైకులకి వస్తుంది గానీ దీనికి రాదా?

అక్కా, మేం కాలేజీ కుర్రాళ్ళం. ఆదివారం పలాస–గుణుపురం పాసింజర్‌లో కరపత్రాలు పంచుతాం. పోయిన వారం పాతపట్నం దాటాక ఒకాయన కరపత్రం చింపి మొహాన కొట్టాడు. మా వాళ్ళు వీడియో తీశారు. పెట్టమంటారా? కరపత్రం కూడా పంపుతున్నాం.
— యువజన బృందం, కాశీనగర్

వీడియో తీసేయండి. అప్‌లోడ్ కాదు, డిలీట్. ఆయన కోపంతో ఉన్న ఒక్క నిమిషాన్ని ఊరంతా చూపించి మీరేం సాధిస్తారు?

కరపత్రం చదివాను. ఆయన ఎందుకు చింపాడో రెండో పేజీలోనే తెలిసింది, అమ్మవారి గురించి రాసిన ఆ నాలుగు లైన్లు నేను చదివినా చింపేదాన్ని. బైబిల్లో ఎఫెసు పట్టణంలో అర్తెమిదేవి గుడి పేరున ఊరంతా గొడవ లేచినప్పుడు, వీళ్ళు మన దేవతని దూషించినవాళ్ళు కాదని ఆ పట్టణపు కరణమే పౌలు జతగాళ్ళ తరఫున చెప్పాడు, అపొస్తలుల కార్యాలు పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. మీ గురించి పాతపట్నంలో ఎవరైనా అలా చెప్పగలరా? ఇతరుల మత విశ్వాసాల్ని కావాలని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299 కింద మూడేళ్ళ దాకా జైలు ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఆ పేజీ మొత్తం తీసేసి, యేసు గురించే రాయండి, బోలెడుంది రాయడానికి. కింద మీ బృందం పేరు, ఫోన్ నంబరు వేయండి, ఎవరు పంచారో తెలియని కాగితాన్ని ఎవరూ నమ్మరు. చేయి చాపినవాళ్ళకే ఇవ్వండి, నిద్రపోతున్నవాళ్ళ ఒళ్ళో పడేయకండి. దిగేముందు బోగీలో కింద పడ్డవి ఏరుకోండి. కొత్తది అచ్చుకిచ్చే ముందు నాకొక కాపీ పంపితే దిద్దిపెడతాను, ఇందులో "రక్షణ" మూడుచోట్ల "రక్షన" అని పడింది.